లైను పట్టిందా?

కంపోజింగ్ స్టిక్కు అంటే ఎడమ అరచేతిలో ఇమిడిపోయే ఇనప తట్ట. మూడు వైపులా అంచులు, అందులో ఒకటి అటూ ఇటూ జరుగుతుంది. దాన్ని ఎక్కడ బిగిస్తే అచ్చులో లైను అంత పొడుగు. పుస్తకం 20 ఎమ్ముల కొలతన మొదలైతే ఆఖరి పేజీ దాకా 20 ఎమ్ములే. మధ్యలో ఆ మర ఎవరూ ముట్టుకోకూడదు. 12 పాయింట్లు ఒక ఎమ్ము, ఆరు ఎమ్ములు ఇంచుమించు ఒక అంగుళం.

విజయవాడలో ఏలూరు రోడ్డుకు ఆనుకున్న సందుల్లో అచ్చాఫీసులు ఉండేవి. 1970ల చివర్లో స్కూలు వదిలాక నేను అలాంటి ఒకదానిలో కూర్చునేవాణ్ని. మా బాబాయి అక్కడ ప్రూఫులు దిద్దేవాడు. ట్రెడిల్ చప్పుడు, టైపు కడిగిన కిరసనాయిలు వాసన, వాలుగా నిలబెట్టిన కేసులు. ఇంగ్లీషుకు పై కేసు, కింది కేసు ఉంటే సరిపోయేది. తెలుగుకు గుణింతాలకని, వత్తులకని గళ్లు పెరిగి పెరిగి కేసులు కంపోజిటరుకు మూడు వైపులా పరుచుకునేవి. ఆయన వాటి వంక చూసేవాడు కాదు. చూపు కాపీ మీద, కుడిచెయ్యి గళ్ల మీద, ఎడమచేతి బొటనవేలు స్టిక్కులో. అక్షరాలను తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోయేవాడు.

లైను చివరికి వచ్చేసరికి ఒక మాట పట్టీ పట్టకుండా మిగిలేది. అప్పుడు మాటల మధ్య స్పేసులు మార్చాలి. ఇక్కడ ఎమ్ము అంటే ఆ టైపు సైజంత. అందులో మూడో వంతుది థిక్కు, నాలుగో వంతుది మిడిలు, అయిదో వంతుది థిన్ను. మూడు థిక్కులు తీసి మూడు థిన్నులు పెడితే ఎమ్ములో అయిదింట రెండు వంతుల చోటు దొరుకుతుంది. కాగితం మీద ఈ లెక్క వేసింది నేనే, చాలా ఏళ్ల తరవాత. వాళ్లకు అక్కర్లేదు, బొటనవేలికి తెలిసిపోయేది. అప్పటికీ వెంట్రుకవాసి వదులుంటే ఒక పాయింటు ఇత్తడి రేకో, అర పాయింటు రాగి రేకో దూర్చేవాళ్లు. అవీ అందుబాటులో లేకపోతే సిగరెట్టు పెట్టె అట్ట చింపేవాళ్లు.

పెద్ద కంపోజిటరు తన పని చేసుకుంటూనే, పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ని అడిగేవాడు: "ఏరా, లైను పట్టిందా?"

పట్టడమంటే ఆ వరస రెండు అంచుల మధ్య తనంతట తాను నిలబడాలి. స్టిక్కును కాస్త వాల్చినా పడకూడదు, వేలితో తోస్తే మాత్రం కదలాలి. వదులు లైను, పేర్చినవి దించుకునే గేలీ తట్టలో ఉన్నంతసేపూ బుద్ధిమంతుడిలాగే ఉంటుంది. పేజీలను చట్రంలో ఫారంగా బిగించి ఎత్తగానే జారి నేలమీద పడుతుంది, లేకపోతే మిషను తిరుగుతుండగా ఒక్కో అక్షరం పైకి లేచి వస్తుంది. బిగువు లైనుది ఇంకో రకం దుర్మార్గం, తను గట్టిగా ఉండి పైనా కిందా ఉన్న లైన్లను వదులు చేస్తుంది.

నాకు బాగా గుర్తున్నది ప్రూఫుల దగ్గర జరిగే బేరం. రచయిత ప్రూఫులో ఒక మాట కలిపాడనుకోండి. అది పట్టాలంటే లైను చివరి మాట కింది లైనుకు దిగాలి, అక్కడి చివరి మాట ఆ కిందికి. పేరా ముగిసేదాకా ప్రతి లైనూ విప్పి మళ్లీ పేర్చాలి. పేరా పేజీ చివర ఉంటే పక్క పేజీ కూడా కదులుతుంది. అందుకని మాట కలిపిన రచయితను, ఆ లైనులోంచే అంత చోటు తీసుకునే ఇంకో మాట తీసెయ్యమని బాబాయి బతిమాలేవాడు. "'అయినప్పటికీ' తీసి 'అయినా' పెడదాం సార్, మీ మాట హాయిగా పడుతుంది." మొదట్లో చిరాకుపడ్డవాళ్లే పోగా పోగా తమంతట తామే అలాంటి మాట వెతికి, దిద్దిన ప్రూఫు తెచ్చేవాళ్లు. ఆ కాలపు పుస్తకాల్లో కొన్ని వాక్యాలు అంత పొట్టిగా ఎందుకు తెగాయో చెప్పడానికి విమర్శకులు శైలి గురించి రాస్తుంటారు. కొన్నిట్లో శైలి కన్నా సీసానికే వాటా ఎక్కువని నా అనుమానం. సీసపద్యం కాదు, టైపు పోసే సీసం.

తెలుగు లైనుతో ఉన్న చిక్కంతా అక్షరాల వెడల్పులోనే ఉంది. ర సన్నగా నిలబడుతుంది, ఝ కాళ్లు చాపుకు కూర్చుంటుంది. చాలా వత్తులు అక్షరం కిందే సర్దుకుంటాయి, కొత్తగా చోటడగవు. యవత్తు మాత్రం పక్కకు జరిగి తనకూ జాగా కావాలంటుంది. సున్న పలకడానికి అర అయినా కూర్చోవడానికి ఒక అక్షరమంత. ఇన్ని అక్షరాలుంటే లైను ఇంత పొడుగు వస్తుందని కాపీ చూసి ఖాయంగా చెప్పగలిగినవాణ్ని నేను ఒక్కణ్ని కూడా చూడలేదు. పేర్చి చూడాల్సిందే.

ఇంగ్లీషు అచ్చువేసేవాళ్లు ఈ బొటనవేలి పనిని యంత్రానికి ఒప్పజెప్పారు. మెర్గెన్‌థాలర్ కట్టిన లైనోటైపు 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో పనిలోకి దిగింది. అందులో మాటల మధ్య కోసుగా చెక్కిన చీలలుంటాయి. లైను నిండేదాకా వాటిని కింది నుంచి పైకి తోయడమే, కొలతంతా ఆ తోపులోనే తేలిపోతుంది. అది మొరటు పద్ధతి. నాకు అపురూపంగా తోచేది అదే కాలంలో అమెరికాలోనే టాల్బర్ట్ లాన్‌స్టన్ మొదలుపెట్టిన మోనోటైపు. దాన్ని నేను పుస్తకాల్లోనూ బొమ్మల్లోనూ తప్ప పనిచేస్తుండగా చూడలేదు. అందులో ఎమ్మును 18 యూనిట్లుగా విడగొట్టి, ప్రతి అక్షరానికీ ఇన్ని యూనిట్లని వెడల్పు కట్టారు. ఆపరేటరు మీటలు నొక్కుతుంటే లోపలి పళ్లచక్రాలు ఆ యూనిట్లను కూడుకుంటూ పోతాయి. లైను నిండబోతుండగా గంట మోగుతుంది. అప్పుడు ఎదురుగా ఉన్న డ్రమ్ము మీద అంకెలు చూసి, వాటికి తగిన రెండు మీటలు నొక్కితే మిగిలిన చోటు మాటల మధ్య ఖాళీలకు సమంగా పంచినట్టు. ఇదంతా కాగితపు రీలు మీద చిల్లులుగా పడుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఖాళీ ఎంత ఉండాలో లైను చివరికి వస్తే గాని తెలియదు. అక్షరాలు పోతపోసే యంత్రానికేమో అది లైను మొదట్లోనే తెలియాలి. అందుకని ఆ రీలును పోతయంత్రంలో వెనక నుంచి ముందుకు తిప్పారు. చివర కొట్టిన చిల్లులు ముందుగా దాని కంటబడతాయి, తరవాత అక్షరాలు వెనక నుంచి మొదటికి వస్తాయి. కరెంటుతో నడిచే కంప్యూటర్లు పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందు సంగతి ఇది. మాటల వెడల్పు లెక్కగట్టే ప్రోగ్రాములు రాసి ఉద్యోగం వెళ్లదీసినవాణ్ని. ఇంతకన్నా తెలివైన ప్రోగ్రాము నేను రాయలేదు, ఇంకొకరు రాయగా చూడలేదు.

ఈ కొలత ఎరిగినవాళ్లు అచ్చాఫీసు బయట కూడా ఉండేవాళ్లు. పత్రికల్లో సబ్ఎడిటరు రెండు కాలాల హెడ్డింగుకు 'ముఖ్యమంత్రి' పట్టదని పెన్ను ఎత్తకముందే గ్రహించి 'సి.ఎం.' అని రాసేవాడు. ఫొటో కంపోజింగు వచ్చాక బ్రోమైడు కాగితాన్ని బ్లేడుతో కోసి, మాటల మధ్య తెల్లటి పీలిక తీసేసి అతికించే పేస్టింగు ఆర్టిస్టులు వచ్చారు. షాపుల బోర్డులు రాసే పెయింటర్లు సుద్ద దారం కొట్టి, నడిమి గీత పెట్టుకుని, పేరు మొత్తాన్ని ముందు సుద్దతో పల్చగా గీసి చూసుకునేవాళ్లు. ఫ్లెక్సీలు వచ్చి వాళ్లను రోడ్డు మీదికి నెట్టాయి.

1990 ప్రాంతంలో కాలేజీలో నాకు దొరికిన కంప్యూటరుకు ఈ బాధలేవీ లేవు. తెర మీద 25 వరసలు, వరసకు 80 గళ్లు, గడికో అక్షరం. సన్నటి ఐకీ బండ ఎమ్‌కీ ఒకటే గది. శీర్షిక మధ్యలో పడాలంటే 80లోంచి అక్షరాల సంఖ్య తీసేసి సగం చెయ్యడమే. ఫాక్స్‌ప్రోలో రిపోర్టులు రాసిన మా తరం వాళ్లంతా చేసింది ఇదే. డాట్ మాట్రిక్స్ ప్రింటరు కీచుమంటూ గళ్లు తప్పకుండా కొట్టుకుపోయేది. ఎమ్ములూ థిన్నులూ ఎరిగిన కళ్లకు ఆ కాగితం వికారంగా ఉండేది, కానీ దాని లెక్క ఎప్పుడూ తప్పలేదు.

తరవాత టర్బో సీ చేతికొచ్చింది. నీలం తెర, సీ డ్రైవులో టీసీ ఫోల్డరు, అందులో బీజీఐ. ఆ దారి తప్పు కొడితే బొమ్మల తెర తెరుచుకునేది కాదని మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివిన రెండు తరాలకు తెలుసు. ఆ గ్రాఫిక్స్ లైబ్రరీలో టెక్స్ట్‌విడ్త్ అని ఒక ఫంక్షను ఉండేది. మాట ఇస్తే అది తెర మీద ఎన్ని చుక్కల చోటు తీసుకుంటుందో చెప్పేది. మామూలు ఫాంటులో ఒక్కో అక్షరం 8 చుక్కల చదరం, ఏడక్షరాల మాటకు 56. తెర వెడల్పు 640లోంచి 56 తీసి సగం చేస్తే 292. అక్కడ మొదలుపెడితే మాట నట్టనడుమ పడుతుంది. ఇంతవరకు పాత గళ్ల లెక్కే. ఫాంటు మార్చి ట్రిప్లెక్సు పెట్టి మళ్లీ అడిగితే ఐకి తక్కువ, ఎమ్‌కి ఎక్కువ చెప్పింది. అచ్చాఫీసులో బొటనవేలు పసిగట్టిన తేడా ఇక్కడ అంకెగా కనబడింది. ఆ సాయంత్రం ల్యాబులో నాకు కలిగిన సంతోషం పక్కన కూర్చున్నవాళ్లకు బొత్తిగా అర్థం కాలేదు.

తెలుగు మాత్రం అందులో లేదు. కావాలంటే మనమే గీసుకోవాలి. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి అక్షరం దిద్దడం, నిండిన గడి ఒకటి, ఖాళీ గడి సున్నా అనుకుని వరసవరసనూ అంకెగా మార్చి ప్రోగ్రాములో రాసుకోవడం. అక్షరాలన్నీ ఒకే వెడల్పున గీస్తే చదవడానికి తెలుగులా ఉండేది కాదు. ఇరుకు గదిలో ఝ నలిగిపోయేది, వెడల్పు గదిలో ర ఒంటరిగా నిలబడేది. అందుకని అక్షరానికింత అని వెడల్పుల పట్టిక ఒకటి వేరే కావాలి. దానికోసం బాబాయి దగ్గరికి వెళితే ఆయన బీరువాలోంచి టైపు నమూనా పుస్తకం తీసి ఇచ్చాడు. ఫౌండ్రీ వాళ్లు తమ దగ్గరున్న అక్షరాలన్నిటినీ సైజుల వారీగా అచ్చువేసి అచ్చాఫీసులకు పంచే పుస్తకం అది. స్కేలు పెట్టి ఒక్కో అక్షరం కొలుచుకున్నాను. ఏ అక్షరానికి ఎంత చోటు వదిలితే పక్కదానితో కలిసి మాటలా కనబడుతుందో పోత పోసిన వాళ్లు అప్పటికే తేల్చిపెట్టారు. నేను ఎత్తిరాసుకోవడమే.

డీటీపీ రోజుల గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. పేజ్‌మేకర్ 6.5, అను ఫాంట్లు, బటర్ పేపరు మీద లేజర్ ప్రింటు, గోడకు అంటించిన యాపిల్ కీబోర్డు పటం. ఆ ఫాంట్లలో ఉన్నవి మొత్తం 256 గదులు. తెలుగు అక్షరాలన్నీ అందులో పట్టవు కాబట్టి అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో ఈ ముక్కలు కాపురం పెట్టాయి. వత్తు ముక్కకు వెడల్పు సున్నా అని రాసుకుంటే అది ముందున్న అక్షరం కిందికి చేరేది. మాట వెడల్పు కావాలంటే ముక్కల వెడల్పులు కూడితే చాలు. విండోస్‌కు అది తెలుగన్న సంగతే తెలియదు, ఏదో పిచ్చి ఇంగ్లీషు అనుకుని కొలిచి, సరైన జవాబే చెప్పేది. ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే ఆ పిచ్చి ఇంగ్లీషే కనబడేది.

ఆ డీటీపీ సెంటర్లలో అసలు పరీక్ష పెళ్లి శుభలేఖ. వరుడి పేరు నాలుగక్షరాలుంటుంది, వధువుదేమో చి.ల.సౌ.తో మొదలై వేంకట, సత్య, నాగ అన్నీ కలుపుకుని కార్డు అంచు దాటుతుంది. రెండు పేర్లూ ఒకే సైజులో ఉండాలని ఇద్దరు వియ్యంకులకూ పట్టుదల. ఆపరేటరు అమ్మాయి అక్షరాల మధ్య దూరం కనబడీ కనబడనంత తగ్గించి, అక్షరం వెడల్పు 100 నుంచి 94కు దించి పట్టించేది. అక్కడితో అయిపోలేదు. తెర మీద అంగుళానికి 96 చుక్కలు, ప్రింటరులో 300 లేక 600. పది పాయింట్ల ఎమ్ము తెర మీద 13 చుక్కల పైన మూడో వంతు. చుక్కను కొయ్యలేం కాబట్టి తెర దాన్ని 13 చేస్తుంది. ఈ చిల్లర లైను పొడవునా పోగుపడి, తెర మీద చక్కగా పట్టిన లైను కాగితం మీద తేడాగా వచ్చేది. ఒక్కోసారి చివరి మాట కింది లైనులోకి దూకేది. పెళ్లివారి ముందు ఆ దూకుడుకు సంజాయిషీ చెప్పడం ఆ అమ్మాయి వంతు.

యూనికోడు వచ్చి ఈ ముక్కల కాపురాన్ని ఎత్తేసింది. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుంది గాని, విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చేదాకా మామూలు మనిషి బల్ల మీదికి చేరలేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు చేసి పెట్టిన పోతన, వేమన ఫాంట్లు ఆ తొలినాళ్లలో ఎందరికో దిక్కయ్యాయి. కంప్యూటరుకు తెలుగు తెలుగుగా తెలిసింది, అంతవరకు పండగే. కొలత మాత్రం కష్టమైంది. 'స్త్రీ' అని రాస్తే కంటికి ఒక్కటే అక్షరం. యూనికోడులో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి ఆరు. యూటీఎఫ్-8లో దాచుకుంటే 18 బైట్లు. పొడవెంత అని అడిగితే ఒక ప్రోగ్రామింగ్ భాష 18 అంటుంది, ఇంకో భాష ఆరంటుంది, కన్ను ఒకటంటుంది. తెర మీద చోటు ఎంత కావాలో ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. స వెడల్పు, త వెడల్పు, ర వెడల్పు కూడినా రాదు, ఎందుకంటే త, ర కిందికి దిగి రూపు మార్చుకుంటాయి. ముందు అక్షరాలను ఫాంటు చెప్పినట్టు కూర్చి, తరవాతే కొలవాలి. ఇప్పుడు ఆ కూర్పు పని క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీసు అన్నిట్లోనూ హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. మాట ఇస్తే ఏ రూపాలు, ఏ వరసలో, ఒక్కోటి ఎంత ముందుకు జరగాలో తిరిగి ఇస్తుంది. ఆ జరుగుళ్లు కూడితే వెడల్పు.

ఈ కూర్పు అల్లాటప్పా పని కాదని 2018 ఫిబ్రవరిలో లోకానికంతటికీ తెలిసింది. 'జ్ఞా'ను, మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేర్చి మెసేజిలో పంపితే ఐఫోనులో ఆ మెసేజి చూపే యాప్ కుప్పకూలేది. యాపిల్ వాళ్లు ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. మా పాత కంపోజిటర్లు ఉండి ఉంటే లైను పట్టలేదన్నమాట అనేవాళ్లు.

స్టిక్కు పోయింది, గంట మోగే మోనోటైపు పోయింది, 80 గళ్ల తెర పోయింది, బీజీఐ పోయింది. వాటికోసం నేను కన్నీళ్లు పెట్టను. సీసం దుమ్ములో పనిచేసినవాళ్ల దగ్గు విన్నవాడెవడూ పెట్టడు. పోకుండా ఉండాల్సింది ఒకటుంది, చోటు ఇంతే కాబట్టి మాట మార్చుకుందామా అని రచయితా కంపోజిటరూ కూర్చుని మాట్లాడుకునే అలవాటు. ఇప్పుడు చోటు నిర్ణయించేవాళ్లు ఇంగ్లీషు మాట పెట్టి పెట్టె గీస్తారు. తెలుగు తరవాత ఎవరో అనువాదం చేసి అందులో పోస్తారు. పట్టకపోతే చివర మూడు చుక్కలు. ఎత్తు కూడా ఇంగ్లీషుకే కొలిచి పెడతారు కాబట్టి బటన్ల మీద వత్తులు సగానికి తెగి కనబడతాయి. కొలిచే సాధనం మునుపెన్నడూ లేనంత కచ్చితంగా ఉంది, అడిగేవాళ్లే లేరు. ఇది యంత్రం లోపమని నేను ఒప్పుకోను.

యాప్‌లు, ఫారాలు తయారుచేసే కుర్రవాళ్లకు రెండు మాటలు. పేరు రాసే గడికి ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టేముందు 'స్త్రీ', 'రాష్ట్రం', 'వేంకట సూర్యనారాయణ' అందులో రాసి చూడండి. వెడల్పు కావాలంటే అక్షరాలు లెక్కపెట్టకండి, ఫాంటును అడగండి. ఎత్తుకు వత్తున్న మాటతోనే కొలవండి.

ఇంకొకటి అందరికీ. బాబాయి పోయాక ఆ టైపు నమూనా పుస్తకం ఏమైందో ఇంట్లో ఎవరికీ తెలియదు. టైపునంతా కిలోల లెక్కన అమ్మేశారు, కరిగిపోయింది. మీ ఊళ్లో పాత అచ్చాఫీసు నడిపిన కుటుంబం ఉంటే, బీరువాలో అలాంటి పుస్తకం ఒక్కటి మిగిలిందేమో అడగండి. ఉంటే ప్రతి పేజీ పక్కన ఒక స్కేలు పెట్టి స్కాన్ చేసి, తెలుగు ఫాంట్లు గీసేవాళ్లకు పంపండి.